41వ ఛానెల్‌కు జరిగిన సంపూర్ణ న్యాయం

1955లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో రౌల్ కోర్తెజ్ అనే పెద్దమనిషి ఘోరమైన అపరాధం చేశారు. మెక్సికో మూలాలున్నవాళ్లు పదిమందిలో దాదాపు నలుగురు ఉండే ఊళ్లో, వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే టీవీ స్టేషన్ పెట్టారు. పేరు కేసీఓఆర్. అమెరికాలో స్పానిష్ ప్రేక్షకుల కోసమే పుట్టిన మొదటి టీవీ స్టేషన్‌గా దానికి పేరు. ఇంతటి అపరాధాన్ని అక్కడి వ్యవస్థలు ఎంత ఓపికగా, ఎంత చట్టబద్ధంగా, ఎన్ని దశాబ్దాల పాటు సరిదిద్దుతూ వచ్చాయో వివరించడమే ఈ వ్యాసం పని. గిట్టనివాళ్లు దీన్ని వివక్ష అంటారు. పట్టించుకోకండి.

కోర్తెజ్ గారికి ఇది మొదటి తప్పేమీ కాదు. మెక్సికోలోని వెరాక్రూజ్ రాష్ట్రంలో పుట్టి, శాన్ ఆంటోనియోలో ఒక బీరు కంపెనీకి సేల్స్‌మన్‌గా తిరిగిన మనిషి. వేరేవాళ్ల రేడియోలో సమయం కొనుక్కుని, అందులో యాడ్లు అమ్ముకుని పైకొచ్చారు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగానే సొంత రేడియో లైసెన్సుకు దరఖాస్తు పెట్టారు. యుద్ధానికి మెక్సికన్ అమెరికన్ల మద్దతు కూడగడతానని అందులో విన్నవించుకున్నారు. 1946లో రేడియో మొదలయ్యేసరికి యుద్ధమే అయిపోయింది. ప్రపంచంలో ఏ మూలైనా ఫైలు కదిలే వేగం ఒక్కటేనని తెలిసి మన మనసు కుదుటపడుతుంది.

ఇక టీవీ. అప్పటికే ఊళ్లో 4, 5 నంబర్లలో ఇంగ్లీషు స్టేషన్లు కొలువుదీరి ఉన్నాయి. కోర్తెజ్ గారికి దక్కిన నంబరు 41. చూడ్డానికి 4 కన్నా పెద్ద నంబరే, గౌరవం పెరిగినట్టే అనుకోవాలి. చిక్కల్లా ఒక్కటే. ఆ రోజుల్లో ఎక్కువ టీవీల మీద ఉండే నాబ్ 2 దగ్గర మొదలై 13 దగ్గర ఆగిపోయేది. 14 నుంచి పైనున్న యూహెచ్ఎఫ్ నంబర్లు పట్టాలంటే విడిగా ఒక కన్వర్టర్ డబ్బా కొనాలి, దానికి తగ్గ యాంటెనా బిగించాలి. అంటే స్టేషన్ ఉంది, కార్యక్రమాలు ఉన్నాయి, ప్రేక్షకులు ఉన్నారు, వాళ్లింట్లో టీవీ కూడా ఉంది. ఆ టీవీలో ఆ నంబరు మాత్రం లేదు. డాబా ఎక్కి యాంటెనా తిప్పుతూ “వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?” అని కిందికి అరిచిన మన తరానికి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మనం తిప్పితే దూరదర్శన్ అయినా వచ్చేది.

అన్ని టీవీల్లోనూ అన్ని నంబర్లూ పట్టాలని అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. చేయలేదని ఎవరూ అనకూడదు. 1962లో చేసింది, 1964 నుంచి అమల్లోకి తెచ్చింది. కోర్తెజ్ గారు 1961లోనే స్టేషన్ అమ్మేసుకున్నారు. ఆయన తొందరపాటుకు ప్రభుత్వం ఏం చేస్తుంది?

ఎందుకు అమ్మారంటే, యాడ్లు రాలేదు. ఇక్కడ యాడ్లిచ్చే కంపెనీల తర్కాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. రేటింగులు కట్టే సంస్థల లెక్కల్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు కనబడరు. లెక్కల్లో కనబడనివాళ్లు టీవీ చూడరు. టీవీ చూడనివాళ్లు సబ్బు రాసుకోరు, పళ్లు తోముకోరు, కూల్‌డ్రింకు ముట్టరు. మరి వాళ్లకు యాడ్ ఎందుకు? ఆ పక్కవీధి కొట్టులో సబ్బులు ఎవరు కొంటున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు అన్నీ తట్టాలని రూలేమీ లేదు కదా.

లెక్కపెట్టే పని అసలు జరగలేదనడం కూడా అన్యాయమే. 1970 జనాభా లెక్కల్లో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల) మూలాల గురించి నూటికి ఐదిళ్ల చొప్పున అడిగారు. 1980లో ఇంటింటా అడిగారు. టీవీ ముందు కూర్చున్న స్పానిష్ ఇళ్లను దేశవ్యాప్తంగా కొలిచే రేటింగు సర్వీసును, రేటింగులు కట్టడంలో పేరున్న నీల్సన్ కంపెనీ 1992లో తెచ్చింది. స్టేషన్ పెట్టి అప్పటికి 37 ఏళ్లు. ఆలోగా కోర్తెజ్ గారు 1971లో కాలం చేశారు. ఆయన ప్రేక్షకులు ఉన్నట్టు రుజువైంది, చూసుకోవడానికి ఆయన లేరు.

ఇన్ని లేమిల మధ్య స్టూడియోలో ఏం జరిగేదంటే, అచ్చంగా టీవీయే జరిగేది. ఊళ్లోని అలమీడా థియేటర్‌లో ఆడడానికి మెక్సికో నుంచి వచ్చిన గాయకులు, హాస్యగాళ్లు అదే చేత్తో స్టూడియోకూ వచ్చి కెమెరా ముందు లైవ్‌లో పాడి, నవ్వించి వెళ్లేవారు. ఈ ప్రోగ్రాములు నడపడానికి దొరికిన ముఖ్యుడు ఎమిలియో నికొలాస్, కోర్తెజ్ గారి అల్లుడు. చదివింది బయాలజీ, చేసింది పోలియో వ్యాక్సిన్ పరిశోధన. కంటికి కనబడని క్రిములను మైక్రోస్కోపులో పట్టిన అనుభవం ఉన్నవాడు కాబట్టి కంటికి కనబడని ప్రేక్షకులతో వ్యాపారానికి ఇంతకన్నా తగిన మనిషి దొరకడు.

1961లో కొన్నవాళ్ల గుంపులో అసలు పెద్ద తలకాయ మెక్సికో టీవీ సామ్రాట్టు ఎమిలియో అస్కారగా విదౌరేతా. స్టేషన్ పేరు కేడబ్ల్యూఈఎక్స్ అయింది. లాస్ ఏంజెలస్‌లో 34వ నంబరుతో తోబుట్టువు పుట్టింది, స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్ అని ఇంటిపేరు వచ్చింది. ప్రోగ్రాములు మెక్సికో నుంచి టేపుల్లో దిగేవి. ఒక ఊళ్లో వేశాక ఆ టేపునే పెట్టెలో సర్ది పక్క ఊరికి పంపేవారు. 1976లో ఉపగ్రహం వచ్చేదాకా నెట్‌వర్క్ అంటే పార్శిల్ సర్వీసే. ఆ ప్రోగ్రాముల్లో టెలినొవెలాలదే, అంటే స్పానిష్ సీరియళ్లదే పెద్దపీట. కొన్ని నెలలు నడిచి కథ ముగిసిపోతే సీరియల్ ఆపేయడం అక్కడి వింత ఆచారం. పదేళ్లయినా అదే అత్త, అదే విషం గ్లాసుతో మెట్లు దిగుతూ ఉండే మన సంప్రదాయం ముందు అదో అనాగరికం, సరే.

అసలు నేరం మాత్రం వేరే ఉంది. స్టేషన్ లైసెన్సులో విదేశీయుల వాటా 20 శాతం దాటకూడదని అమెరికా చట్టం. అస్కారగా వాటా కాగితం మీద సరిగ్గా 20. మిగతా వాటాలు రెనే అన్‌సెల్మో, నికొలాస్ వంటి అమెరికా పౌరుల పేరిట ఉండేవి. మెక్సికో నుంచి వచ్చే టేపులతో నడిచే స్టేషన్ల మీద మెక్సికో వాళ్ల పెత్తనం ఉందేమోనన్న అనుమానం, ప్రసారాల లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌లో ముదిరి పాకానపడటానికి పాతికేళ్లు పట్టింది. 1986లో కమిషన్ న్యాయాధికారి ఈ స్టేషన్ల లైసెన్సులు పునరుద్ధరించేది లేదన్నారు. ఫలితం: స్టేషన్లను అమ్మకానికి పెట్టారు. లాటిన్ అమెరికా మూలాలున్న పెట్టుబడిదారులూ బిడ్ వేశారు. దక్కింది మాత్రం హాల్‌మార్క్ వాళ్లకు, 30 కోట్ల 15 లక్షల డాలర్లకు. హాల్‌మార్క్ అంటే పుట్టినరోజు కార్డులు అచ్చువేసే కాన్సస్ సిటీ కంపెనీ. ఆ విధంగా స్పానిష్ టీవీ విదేశీ చెర నుంచి విముక్తి పొంది గ్రీటింగు కార్డుల చేతిలో పడింది. 1987లో నెట్‌వర్క్ పేరు యూనివిజన్ అయింది.

కార్డులవాళ్లు 1992లోనే వదిలించుకున్నారు. కొన్నది 55 కోట్ల డాలర్లకు జెరాల్డ్ పెరెంచియో అనే అమెరికా వ్యాపారి. ఆయనకు స్పానిష్ రాదని ప్రతీతి, కాబట్టి పక్షపాతానికి తావు లేదు. ఆయన పక్కన భాగస్వాములుగా నిలబడ్డవాళ్లు వెనిజువెలా వాళ్లు ఒకరు, మెక్సికో నుంచి తెలెవీసా ఒకరు. తెలెవీసా ఎవరిదంటారా? అస్కారగాలదే! ముందు తలుపులోంచి గెంటిన ఆరేళ్లకు పక్క గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నారు. తర్వాత కమిషన్ వారే పరిమితులు సడలిస్తూ పోయారు. 2022 జనవరిలో రెండు కంపెనీలు ఒకటై తెలెవీసాయూనివిజన్ అయ్యాయి. తాత పేరు ఎమిలియో, కొడుకు ఎమిలియో, ఇప్పటి మనవడూ ఎమిలియోనే. ఫైళ్ల మీద పేరు కొట్టేసి రాసే శ్రమ కూడా గవర్నమెంటుకు తప్పించిన ఇంత పద్ధతిగల కుటుంబాన్ని అన్నేళ్లు వేధించారంటే బాధగానే ఉంటుంది.

శాన్ ఆంటోనియోలో నది ఒడ్డున ఉన్న పాత స్టేషన్ భవనాన్ని మాత్రం ఇన్ని చేతులు మారినా ఎవరూ పట్టించుకోలేదు. 2013 నవంబరులో పట్టించుకున్నారు. పడగొట్టారు. అడ్డుపడ్డవాళ్లలో కొందరిని పోలీసులు అరెస్టు చేసి తీసుకెళ్లారు. దేశంలో స్పానిష్ టీవీ మొదలైన స్టేషన్ భవనమిదని వాళ్ల వాదన. నది పక్క స్థలమని బిల్డరు వాదన. ఏది బరువైనదో చెప్పడానికి తక్కెడ కూడా అక్కర్లేదు.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి. ఫ్లాట్ అద్దెకు కావాలంటే ఇంట్లో ఎంతమంది ఉంటారో, ఒక్కొక్కరి జీతమెంతో ముందే ఫారంలో రాసివ్వాలి. ఆ స్థలంలో జనాన్ని ఇంత శ్రద్ధగా లెక్కపెట్టడం ఇదే మొదటిసారి.