గంటలు మోగాక ఆమె ముఖం ఎక్కడ?

అమెరికన్ టీవీ సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆఖరి సీజన్లో అయిదో ఎపిసోడ్ 'ది బెల్స్' మొన్న మళ్లీ చూశాను. 2019 మే నెలలో అది మొదటిసారి వచ్చినప్పుడు మనకు సోమవారం పొద్దున్న ఆరున్నర. బెజవాడ పటమటలో ఒక మేడగదిలో నలుగురం కూర్చున్నాం. ఎండ ముదిరితే ఆ గదిలో ఉండలేమని కాఫీ కూడా తాగకుండా మొదలుపెట్టాం. అయిపోయాక కాసేపు ఎవరూ నోరు విప్పలేదు, తర్వాత అందరం ఒక్కసారే అరుచుకున్నాం. ఇన్నేళ్లకు మళ్లీ చూస్తే నా కోపం పోలేదు గానీ, అది ఎక్కడ పుట్టిందో మాత్రం తేలింది.

కథ తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. గోడలు కూలాయి, సైనికులు కత్తులు కింద పడేశారు, నగరం లొంగిపోయిందని గంటలు మోగాయి. డ్రోగాన్ అనే డ్రాగన్ గోడ మీద వాలి ఉంది, దాని వీపు మీద సింహాసనం కోసం దండెత్తి వచ్చిన డెనేరిస్. కెమెరా ఆమె ముఖం దగ్గర ఆగింది. కళ్లు చెమర్చాయి, ఊపిరి బరువెక్కింది, ముఖం బిగుసుకుంది. డ్రాగన్ లేచింది. అక్కడి నుంచి ఎపిసోడ్ చివరిదాకా ఆమె ముఖం మనకు మళ్లీ కనిపించదు. వీధులు మండుతాయి, బూడిద రాలుతుంది, జనం పరుగెడతారు. తగలబెడుతున్న మనిషి మాత్రం తెర మీద ఉండదు.

డెనేరిస్ నగరాన్ని కాల్చడం మీద నాకు పేచీ లేదు. బానిసలను విడిపించిన విముక్తి ప్రదాత హంతకురాలు కావడం గొప్ప కథే. కాల్చాలని తేల్చుకున్న ఆ క్షణంలో ఆమె లోపల ఏం జరిగిందో రాయడం చేతకాక, కెమెరాను వీధిలోకి తిప్పేశారు. నా అభియోగం అంతే.

సూచనలు ముందే ఉన్నాయి కదా అని వాదించేవాళ్లున్నారు. ఉన్నాయి, కాదనను. మీరీన్ నగరంలో 163 మంది బానిస యజమానులను కొయ్యలకు కొట్టించింది. మోకరిల్లని తండ్రీకొడుకులను కాల్పించింది. ఈ ఎపిసోడ్‌కు ముందే ఒక డ్రాగన్ నేలకూలింది, కళ్లెదుటే ఆప్తసఖి మిస్సాండే తల తెగింది, ప్రేమించిన జాన్ దూరం జరిగాడు. ఇవన్నీ కలిపితే ఆమె నేరుగా కోట మీదకు ఎగిరి, ఆ నగరాన్ని ఏలుతున్న రాణి సెర్సీని బూడిద చేస్తుందని నమ్ముతాను. కోటను వదిలి, చంటిబిడ్డల తల్లులున్న సందులోకి ఎందుకు తిరిగింది? ఈ సూచనల్లో ఒక్కటీ దానికి జవాబు చెప్పదు.

మా పెదనాన్న తెనాలి చుట్టుపక్కల నాటకాలకు ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించారు. ఈసారి నేను చూస్తుంటే పక్కన కుర్చీ లాక్కుని, రెండో సగం మాత్రం చూశారు. భాష తెలియదు, పాత్రలు తెలియవు. నిప్పు మొదలైన అయిదు నిమిషాలకు అడిగారు: "ఒక్కడూ ఆ పిల్లకు అడ్డం పడలేదేంట్రా?" గంటలు మోగితే ఆగమని ఆమె సలహాదారు టిరియన్ ముందే బతిమాలాడు పెదనాన్నా అన్నాను. "ముందు కాదురా. ఇప్పుడు."

ఆ మాటతో నాకు అశ్వత్థామ గుర్తొచ్చాడు. అతనూ గెలుపోటములు తేలిపోయాకే చంపాడు. పద్దెనిమిది రోజుల యుద్ధం ముగిసిన రాత్రి శిబిరంలో నిద్రపోతున్న ఉపపాండవులను, ధృష్టద్యుమ్నుణ్ని ముగించాడు. కానీ భారతం అతన్ని ఎన్ని మెట్ల మీదుగా అక్కడికి దింపిందో చూడండి. మర్రిచెట్టు కింద నిద్రపట్టక పడుకున్నాడు. పైన ఒక గుడ్లగూబ నిద్రపోతున్న కాకులను చంపుతోంది. ఆలోచన అక్కడ పుట్టింది. పక్కనే ఉన్న మేనమామ కృపాచార్యుణ్ని లేపి చెప్పాడు. నిద్రపోయేవాళ్లను చంపడం ధర్మం కాదు, ఈ రాత్రి పడుకో, పొద్దున్నే ముగ్గురం కలిసి పోరాడదాం అన్నాడు కృపుడు. ఆయుధం కింద పెట్టిన నా తండ్రిని చంపినప్పుడే ధర్మం కట్ట తెగిపోయింది, వచ్చే జన్మలో పురుగునై పుట్టినా సరే అన్నాడు అశ్వత్థామ. శిబిరం వాకిట్లో మహాభూతం అడ్డం నిలిచింది, వేసిన అస్త్రాలన్నీ మింగేసింది. అప్పుడూ వెనుదిరగలేదు. శివుణ్ని మెప్పించి కత్తి సంపాదించి మరీ లోపలికి వెళ్లాడు. ఒకసారి మేనమామ, ఒకసారి దైవం ఆపబోయినా దాటుకుని వెళ్లాడు కాబట్టే ఆ పాపం నూటికి నూరుపాళ్లు అతనిది. డెనేరిస్ పాపాన్ని ఆమెకే దక్కనివ్వలేదు ఈ రచయితలు. ఆ గోడ మీద ఆమెకు కృపుడు లేడు, వాకిట్లో భూతం లేదు.

నగరంలో దర్శకుడు మిగ్వెల్ సపోచ్నిక్ పనితనానికి మాత్రం చేతులెత్తి మొక్కాలి. నగరంలో చిక్కుకున్న ఆర్యా అనే అమ్మాయి లేచి పడి, పడి లేచి, బూడిదతో తెల్లబడిన ముఖంతో ఒక తల్లినీ కూతుర్నీ బయటికి లాక్కుపోవాలని చూస్తుంది. చివరికి ఆ ఇద్దరూ కాలిపోయి, ఒకరినొకరు వాటేసుకునే ఉంటారు. పాప చేతిలో బొమ్మ గుర్రం మాడిపోయి ఉంటుంది. రెండుసార్లూ అక్కడ నా గుండె ఆగినంత పనైంది. ఇంత చేయగలిగినవాళ్లు డెనేరిస్ ముఖాన్ని ఎందుకు వదిలేశారన్నదే నా బాధ.

తొందర వల్ల. మొదటి ఆరు సీజన్లు ఒక్కోటి పది ఎపిసోడ్లు. ఏడోది ఏడు, ఎనిమిదోది ఆరు. ఇంకా తీయమని ఛానెల్ అన్నా వద్దన్నది తీసినవాళ్లే. ఆఖరి సీజన్ మళ్లీ తీయాలంటూ పదిలక్షల మందికి పైగా సంతకాలు చేసిన అర్జీకి మూలం ఇదే. మలుపు కోసం మనిషిని కుదించారు.

ఈ జబ్బు అమెరికాదే అనుకోకండి. పద్యనాటకాన్ని మనం చేస్తున్నదీ ఇదే. రాయబారం విఫలమవుతుందని ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. అయినా గుంటూరు జిల్లా పల్లెల్లో జనం చాపలు తెచ్చుకుని తెల్లవార్లూ కూర్చున్నది, కృష్ణుడు ఆపబోవడం, దుర్యోధనుడు ఆగకపోవడం చూడటానికే. నచ్చిన పద్యానికి వన్స్ మోర్ కొట్టి కథను అక్కడే నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ రాత్రంతటినీ గంటా గంటన్నరకు కత్తిరించి, ఆదరణ తగ్గిందని మనమే వాపోతున్నాం. పోటీలకు గడువు పెట్టుకోండి, తప్పులేదు. ఏడాదికి ఒక్క రాత్రయినా విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో గడియారం చూడకుండా ఒక నాటకం ఆడించలేమా?

రెండేళ్ల కిందట గుంటూరులో ఒక పోటీకి పెదనాన్నతో వెళ్లాను. కుంతి కర్ణుడి దగ్గరకు వచ్చి పాండవుల వైపు రమ్మని అడిగే రంగం. కర్ణుడు పద్యం ఎత్తుకున్నాడు, రెండో పాదం దాటి రాగం తీస్తుండగా గడువు అయిపోయిందని గంట కొట్టారు. మైకు ఆపేశారు. హార్మోనియం మనిషి మాత్రం మెట్ల మీద నుంచి వేళ్లు తీయలేదు. కర్ణుడు కుంతి వైపే చూస్తూ, ఉత్త గొంతుతో మిగతా రెండు పాదాలూ పాడాడు. మేం మూడో వరుసలో ఉన్నాం కాబట్టి మాకు వినిపించింది.