మోకాలి నొప్పి తలకెందుకెక్కాలి?

పోయిన వేసవిలో మా మావయ్యగారు గుంటూరు నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటాయన ప్రేమగా ఒక డబ్బా చేతిలో పెట్టాడు. గంజాయి గమ్మీలు, అంటే గంజాయి సారం కలిపిన జెల్లీ మిఠాయిలు. మోకాళ్ళ నొప్పికి తనకి బాగా పనిచేశాయట. మావయ్యగారు రాత్రి ఒకటి వేసుకున్నారు. అరగంటైనా ఏమీ తేడా లేదని ఇంకొకటి వేసుకున్నారు. కడుపులో పడ్డ గంజాయి పని మొదలుపెట్టడానికి గంటో రెండు గంటలో పడుతుందని ఆయనకెవరు చెప్పారు గనక? పదకొండింటికి సోఫా అంచు పట్టుకుని "అమ్మాయ్, ఇల్లు తిరుగుతోందే" అన్నారు. ఆ రాత్రంతా ఎమర్జెన్సీలోనే. తెల్లారాక ఆయన అడిగిన మొదటి మాట: "నొప్పి మోకాల్లో కదా, ఇది తలకెందుకెక్కింది?"

ఇక్కడి మన తెలుగువాళ్ళ విందుల్లో గంజాయి మంచిదా చెడ్డదా అని గంటలు గంటలు వాదించుకుంటాం. అసలు అడగాల్సింది మావయ్యగారి ప్రశ్నే.

గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. అది ఒంట్లో సీబీ1 అనే గ్రాహకానికి (కణాల మీద కబురందుకునే రిసెప్టర్‌కి) అతుక్కుంటుంది. ఆ సీబీ1 మెదడులోనూ ఉంది, నొప్పి కబురు మోసే బయటి నరాల్లోనూ ఉంది. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది కాబట్టి రక్తంలోంచి ఏది పడితే అది మెదడులోకి పోకుండా ఆపే కాపలా పొర దాని ముందు నిలవదు. మోకాలి కోసం మింగింది తలలో కూర్చుంటుంది.

2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ చిక్కుముడినే పట్టుకుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో సుశ్రుత మజుందార్ (పేరు ఎంత బాగా కుదిరిందో!) బృందం, స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కలిసి వీఐపీ36 అనే అణువు తయారుచేశారు. దానికి ధనావేశం (పాజిటివ్ ఛార్జ్) తగిలించారు. ఆవేశమున్న అణువు మెదడు గడప దాటడం కష్టం. సీబీ1లో మామూలుగా మూసుకుని ఉండి, అప్పుడప్పుడూ తెరుచుకునే చిన్న అర ఒకటుంది. దాన్ని కంప్యూటర్‌లో చూసి, ఆవేశమున్న కొస సరిగ్గా అందులో కూర్చునేలా అల్లారు. ఎలుకల్లో నొప్పి తగ్గింది. రోజులు గడిచినా మందు పవర్ తగ్గలేదు, అంటే మోతాదు పెంచుకుంటూ పోవాల్సిన పని రాలేదు. ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి నొప్పి మందులు) మనుషుల్ని ముంచింది ఆ పెంచుకుంటూ పోవడంలోనే కదా.

అలాగని నేనేమీ సంబరపడిపోవడం లేదు. మన ఒంట్లోనే పుట్టే గంజాయి లాంటి పదార్థం ఆనందమైడ్ (అవును, మన 'ఆనందం' నుంచే ఆ పేరు). అది విరిగిపోకుండా ఆపే మందొకటి 2016లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో మనుషుల మీద పరీక్షిస్తే, ఆరోగ్యంగా ఉన్న వాలంటీరు ఒకరు చనిపోయారు. జంతువుల పరీక్షలు దాటిన మందే అది కూడా. తొందరపడకుండా పరీక్షించమనే నా పట్టు.

ఈలోగా గమ్మీల జోలికి వెళ్ళొద్దనే చెబుతాను. అమెరికా పౌరసత్వానికి అప్లై చేసేవాళ్ళు మరీ జాగ్రత్త: రాష్ట్రం ఒప్పుకున్నా, ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి వాడకం మీ ఫైలుకి అడ్డం పడొచ్చు.

మొన్న ఫోన్లో మావయ్యగారు అడిగారు: "ఆ తలకెక్కని మందు వచ్చిందా అమ్మాయ్?"

"ఇంకా ఎలుకల దగ్గరే ఉంది మావయ్యగారూ."

"వాటికీ మోకాళ్ళు నొప్పేనేమో పాపం, కానివ్వండి" అని ఫోన్ పెట్టేశారు.