పంది కాదండీ, పోర్కు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా బెజవాడలో రోళ్ళెక్కడున్నాయి? అందుకని ఈ ఏడు బుర్రలు పగిలాయి. మొదట పగిలింది మా ఇంటి ఓనరుగారి చికాగో అల్లుడిది.

అమెరికాలో మే నెల ఆఖరి సోమవారం మెమోరియల్ డే. వేసవి వంటలకు అదే ముహూర్తం, గ్రిల్లులు పెరట్లోకి వచ్చేస్తాయి. నెలల తరబడి మంచు ఎత్తిపోసుకున్నవాళ్ళు ఎండను చూసి మురిసిపోతే తప్పులేదు. అక్కడ ఎండ చుట్టపుచూపుగా వస్తుంది. ఇక్కడ మార్చిలో దిగి, అద్దె కట్టకుండా జూన్ దాకా కూర్చుంటుంది. ఈ సంగతి చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అల్లుడాయె.

మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకి మేడ మీద బొగ్గులు రాజేశారు. ఓనరుగారి భార్య ఎండబెట్టుకున్న సగ్గుబియ్యం వడియాలను మూలకు జరిపి పాత చీర కప్పారు. అల్లుడుగారు ఏప్రాన్ కట్టి, మాంసంలో గుచ్చే థర్మామీటరు తీశారు. ముక్క లోపల 145 డిగ్రీల ఫారన్‌హీట్ రావాలి, దించాక మూడు నిమిషాలు ఆగాలి. చాలా శాస్త్రీయం. ముక్కను తాకకముందే అది 111 చూపించింది. అది మా మేడ సంగతి. ఇంకో 34 డిగ్రీలు ఓపిక పడితే బొగ్గుల ఖర్చు మిగిలేది, ముక్కలతోపాటు మేమూ ఉడికేవాళ్ళం.

ఎముకతో ఉన్న ఆ మాంసం ముక్కల్ని, అదే చాప్స్‌ను రాత్రంతా సోయా సాస్, తేనె, వెల్లుల్లి, అనాస రసంలో నానబెట్టారు. చికాగోలో డబ్బా అనాస వాడతారట. డబ్బాల్లోకి ఎక్కించేటప్పుడు వేడి చేస్తారు గనుక, అనాసలో మాంసాన్ని మెత్తబరిచే బ్రొమెలైన్ అనే ఎంజైము ఆ వేడికే చచ్చిపోతుంది. ఇక్కడ తాజా అనాస పిండారు. తెల్లారేసరికి ముక్కల పైభాగం పేస్టయింది. ఊచలకు అతుక్కున్నదాన్ని పటకారుతో లాగితే ఎముక ఒక్కటే చేతికొచ్చింది. ముదురు మాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేసే మా అమ్మమ్మకు ఏ థర్మామీటరూ లేదు, ఏ కూరా ఇలా జారిపోలేదు.

తర్వాత పండు. అక్కడ పీచ్ కాలుస్తారట. అది దొరకలేదని నూజివీడు చిన్నరసం తెచ్చారు. బంగినపల్లి అయితే కోతకు నిలిచేది కదా! చిన్నరసాన్ని కత్తితో కోసిన మనిషిని నా జన్మలో మొదటిసారి చూశాను. నలిపి, ముచ్చిక కొరికి, మోచేతి దాకా కారుతుంటే పీల్చాల్సిన పండు ఊచల సందుల్లోంచి బొగ్గుల్లో పడి చుయ్యిమంది. టెంక మాత్రం పైన మిగిలింది. దాన్నీ తిరగేశారు, రెండోవైపు కాలాలని.

"తినండి మాస్టారూ, పోర్క్ చాప్స్" అన్నారు ఓనరుగారు.

"పంది మాంసమా?"

"ఛ ఛ! పంది కాదండీ, పోర్కు."

రెండేళ్ళ కిందట కింది పోర్షన్లో ఓ కుర్రాడు, భార్య ఉండేవాళ్ళు. ఓ ఆదివారం పంది మాంసం వండుకున్నారు. వాసనట! నెలాఖరు దాకా కూడా ఆగకుండా ఖాళీ చేయించారు. కులం అడగలేదు లెండి, కుక్కర్ మూత చూసి తేల్చేసుకున్నారు. పందులు పెంచుకుని బతికే ఎరుకలవాళ్ళు ఎదురైతే ముక్కు మూసుకునే పెద్దమనుషులు మీరు. అదే మాంసానికి ఇంగ్లీషు పేరు పెట్టగానే నోరూరిందా? సిగ్గు లేదూ? మూత పెట్టి వండుకుంటే వాసన, నాలుగు వీధులకు పొగ పెడితే పార్టీనా? మాంసం ఎక్కడ దొరుకుతుందని నా చెవిలో గుసగుసలాడారే, ఆటోలో సామాను ఎక్కించుకుంటున్న ఆ కుర్రాణ్ణే అడగాల్సింది. గేటుకు "శాకాహారులకు మాత్రమే" అన్న టులెట్ బోర్డు ఇవాళ్టికీ వేలాడుతోంది.

నిన్న ఓనరుగారి భార్య డబ్బాడు వడియాలు పంపారు. వేయించాం. బాగానే పొంగాయి. కాస్త పంది వాసన. క్షమించాలి, పోర్కు వాసన.