కృష్ణమ్మా, మా ఐదో అంతస్తు దాకా రావమ్మా

మా అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశం పోయిన ఆదివారం సెల్లార్‌లో జరిగింది. అంశం ఒక్కటే: మన ఎస్టీపీలో, అంటే మురుగు శుద్ధి ప్లాంటులో, శుభ్రం చేసిన నీళ్లను బాత్రూముల్లో ఫ్లష్‌కు వాడదామా, వద్దా? గంటన్నర వాదించుకుని వద్దని తేల్చాం. ఈ నిర్ణయాన్ని కొందరు వాట్సాప్ గ్రూపులో వెటకారం చేస్తున్నారు కాబట్టి, దాని వెనకున్న ఉన్నతాశయాన్ని వివరించడం కార్యదర్శిగా నా బాధ్యత.

ముందుగా మర్యాద సంగతి. ఇప్పుడు మేం ఫ్లష్‌కు వాడేది నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాదేమో సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగుల ఎత్తున కూర్చుంది. కాబట్టి కృష్ణమ్మ మన దగ్గరికి పల్లంలో పారుతూ రాలేదు. మోటారు తర్వాత మోటారు నెడుతుంటే, నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి, వెయ్యి అడుగులకు పైగా ఎక్కి వచ్చింది. దారిలో పటిక వేశారు, వడగట్టారు, క్లోరిన్ కలిపారు. అంత శ్రమపడి వచ్చిన తల్లిని మేం సంపులో కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ ఐదో అంతస్తుకు ఎక్కించి, అక్కడ ఒక్క బటన్ నొక్కి సగౌరవంగా సాగనంపుతున్నాం. పాత ఫ్లష్ ట్యాంకు అయితే ఒక్క నొక్కుకు పది లీటర్లు. నిజాం నవాబుకు కూడా దక్కని భోగమిది. ఆయన కాలంలో గండిపేట నీళ్లు పల్లానికి వాటంతటవే వచ్చేవి. కరెంటు ఖర్చే లేని నీళ్లకు దర్జా ఏముంటుంది?

సమావేశంలో 302 ఫ్లాటు రిటైర్డ్ ఇంజనీరుగారు లేచి, "మురుగు మురుగే. ఎంత కడిగినా ఎవరు వదిలిన నీళ్లో ఎవరికి తెలుసు?" అన్నారు. చప్పట్లు పడ్డాయి. వెంటనే 404 అమ్మాయి చెయ్యెత్తింది. ఈ కాలేజీ పిల్లలను మీటింగులకు రానివ్వకూడదని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను.

"అంకుల్, మీ అబ్బాయివాళ్లు ఉండేది విజయవాడలో కదా? మనం వదిలిందంతా మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకే వెళుతుంది. మనకు సాగర్ నుంచి వచ్చే నీళ్లలోనూ పైన కర్నూలు, సాంగ్లీ వాళ్లు వాడి వదిలినవి ఉంటాయి" అంది.

ఇంజనీరుగారు తడుముకోలేదు. "అది నదమ్మా. నదిలో కలిస్తే అన్నీ పవిత్రమే. ట్యాంకులో కలిస్తే కాదు" అన్నారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి.

ఆ పిల్ల ఊరుకోలేదు. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచీ మురుగును శుద్ధి చేసి తాగునీళ్లలోనే కలుపుతున్నారట. సింగపూర్‌వాళ్లు అలాంటి నీళ్లకు న్యూవాటర్ అని ముద్దుపేరు పెట్టి, 2003 నుంచీ ఎక్కువ భాగం కంప్యూటర్ చిప్పుల తయారీకీ ఇతర పరిశ్రమలకూ ఇస్తున్నారట. చెన్నైలో కొడుంగయ్యూరు, కోయంబేడు కేంద్రాల నీళ్లు కూడా ఫ్యాక్టరీలకే వెళుతున్నాయట. ఆ మేరకు మంచినీళ్లు ఊళ్లో ఇళ్లకు మిగులుతాయట. "మిమ్మల్ని తాగమనట్లేదు, ఫ్లష్‌కు వాడమంటున్నాను" అంది. మాకు అర్థం కాక కాదు. విండ్‌హోక్‌వాళ్లకు పక్కనే ఎడారి, పాపం గత్యంతరం లేదు. మన దగ్గర ట్యాంకర్ డ్రైవరు నంబరుంది.

ఇక మా ఎస్టీపీ. దానిలోకి గాలి కొట్టే బ్లోయరు మోతకు నిద్ర పట్టడం లేదని మొదటి అంతస్తువాళ్లు, కరెంటు బిల్లు భరించలేమని కోశాధికారి అన్నారు. ఇద్దరి మాటా మన్నించి, తనిఖీ ఉన్న రోజున మాత్రమే దాన్ని ఆన్ చేస్తున్నాం. ఫ్లష్‌కు వేరే పైపులైను కూడా వేసే ఉంది. దాని వాల్వు మీద వాచ్‌మన్ తువ్వాలు ఆరేసుకుంటాడు. ఇంకుడు గుంత కూడా ఉంది. కాగితాల మీద గుంత కాదు, కంకర, ఇసుక పోసి నిజంగా తవ్వించిందే. దాని మీద టైల్స్ పరిచాక అధ్యక్షులవారి రెండో కారుకు చోటు దొరికింది. వానాకాలంలో గేటు ముందు మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో బోరు గాలి కక్కుతుంది. ఈ రెంటికీ సంబంధం ఉందని మా సంఘంలో ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

పొదుపులో మాత్రం మేం ఎవరికీ తీసిపోం. "నీటిని వృథా చేయకండి" అని లిఫ్టులో స్టిక్కర్ అంటించాం. కింద పైపు పట్టుకుని కార్లు కడిగే కుర్రాడు లిఫ్టు ఎక్కడు కాబట్టి అతనికి తెలియదు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అంత అనాగరికం మన దాకా రాకూడదనే మా ప్రార్థన. మా ఇంట్లోనూ పొదుపు ప్రయోగం ఒకటి జరిగింది. ఆర్‌ఓ మిషను ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి రెండు మూడు గ్లాసులు సింకులోకి వదులుతోందని, గిన్నెలు కడగడానికి పనికొస్తాయని మా ఆవిడ దాని కింద బకెట్ పెట్టింది. చుట్టాలు చూస్తే మనకేదో గడవడం లేదనుకుంటారని నేనే తీయించేశాను.

తీర్మానం ఆమోదం పొందాక వాచ్‌మన్ భార్య అందరికీ టీ తెచ్చింది. ఇంజనీరుగారు రెండో కప్పు అడిగి పుచ్చుకున్నారు.

"పాలు భలే చిక్కగా ఉన్నాయమ్మా. ఎక్కడివి?"

"ఉప్పల్ అవతల, మూసీ ఒడ్డు నుంచి వస్తాయి సార్. ఆ నీళ్లతో పెంచిన గడ్డే వేస్తారు. బర్రెలకు ఎండాకాలం కూడా పచ్చగడ్డికి కొదవ లేదు."

"అదీ సంగతి! అందుకే ఇంత రుచి" అన్నారాయన, మీసానికి అంటిన నురగ తుడుచుకుంటూ.