గుదిబండ అన్నారు, రెండు కప్పులు తెచ్చాడు

2024 జూన్ 15. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఐస్ హాకీ స్టాన్లీ కప్ ఫైనల్ నాలుగో మ్యాచ్ జరుగుతోంది. ఫ్లోరిడా పాంథర్స్ అప్పటికే మూడు మ్యాచ్‌లు గెలిచింది. ఇంకొక్కటి గెలిస్తే ఆ క్లబ్ చరిత్రలో మొదటి కప్పు. కానీ రెండో పీరియడ్ మొదట్లోనే ఎడ్మంటన్ ఐదో గోల్ కొట్టేసింది. 16 షాట్లకు ఐదు గోల్స్. ఫ్లోరిడా కోచ్ పాల్ మారిస్ ఇక ఆగలేదు, గోలీని, అంటే గోల్ కాపలాదారుని, మార్చేశాడు. 35 ఏళ్ల సెర్గీ బొబ్రోవ్‌స్కీ నెట్ వదిలి బెంచి మీదికి వెళ్లాడు, అతని స్థానంలో ఆంథొనీ స్టోలార్జ్ దిగాడు. మ్యాచ్ 8-1తో పోయింది. తర్వాత రెండు మ్యాచ్‌లూ పోయాయి. 3-0 ఆధిక్యం నుంచి స్టాన్లీ కప్ ఫైనల్ ఓడిపోవడం 1942లో ఒక్కసారే జరిగింది. ఆ చరిత్ర మళ్లీ తమ మీదే రాస్తారేమోనని ఫ్లోరిడా మొత్తం టెన్షన్ పడింది.

మార్చింది ఎవరిని, వచ్చింది ఎవరు అన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆ రెండు పేర్ల మధ్య పన్నెండేళ్ల నాటి లెక్క ఒకటుంది.

బొబ్రోవ్‌స్కీ కెరీర్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఫ్లోరిడా క్లబ్ ఓపికను మెచ్చుకుంటారు. మంచి ఆటగాడు తడబడినప్పుడు క్లబ్ నమ్మకం ఉంచింది, అతను ఆ నమ్మకం నిలబెట్టాడు అని. వినడానికి బాగుంటుంది కానీ నేను ఒప్పుకోను. రెండు క్లబ్బులు అతని విషయంలో తొందరపడ్డాయి. ఒకదానికి అతన్ని వదిలించుకునే వీలు దొరికింది, రెండోదానికి దొరకలేదు. ఆ వీలు దొరకని క్లబ్బే ఈ రోజు రెండు కప్పులతో ఉంది.

అతను పుట్టింది 1988లో, సైబీరియాలోని నొవొకుజ్నెట్స్క్‌లో. కుజ్బాస్ బొగ్గు ప్రాంతం మధ్యలో ఉన్న ఉక్కు నగరం అది. తండ్రి బొగ్గు గని కార్మికుడు. ఊళ్లో హాకీ క్లబ్ పేరు కూడా మెటలుర్గ్, అంటే లోహ కార్మికుడు. రష్యా పెద్ద లీగ్‌లో ఆ క్లబ్ ఎప్పుడూ కింది వరసలోనే ఉండేది, 2017లో లీగ్ నుంచి పూర్తిగా తప్పించారు. అలాంటి జట్టులో గోలీగా ఉండటం అంటే రోజూ దెబ్బలు తినడమే. ముందున్నవాళ్లు ఆపలేని షాట్లన్నీ వచ్చి అతని మీదే పడతాయి. నార్త్ అమెరికా ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ ఏటా డ్రాఫ్ట్‌లో రెండొందలకు పైగా కుర్రాళ్లను ఎంచుకుంటుంది. బొబ్రోవ్‌స్కీ పేరు ఏ ఏడాదీ ఎవరూ పిలవలేదు.

2010 మేలో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ అతన్ని డ్రాఫ్ట్ బయట నుంచే తీసుకుంది. ఇంగ్లిష్ రాదు. అయినా అక్టోబర్ 7న పిట్స్‌బర్గ్‌లో సీజన్ మొదటి మ్యాచ్‌కే నెట్‌లో నిలబెట్టారు, గెలిచాడు. ఆ సీజన్లో 28 మ్యాచ్‌లు గెలిపించాడు. సీజన్ తర్వాత జరిగే నాకౌట్ దశ, ప్లేఆఫ్స్, వచ్చేసరికి మాత్రం క్లబ్‌కి కాలు నిలవలేదు. బఫలోతో జరిగిన ఒకే సిరీస్‌లో ముగ్గురు గోలీలను మార్చి మార్చి ఆడించారు. ఆ వేసవిలోనే ఫీనిక్స్ నుంచి మరో రష్యన్ గోలీ ఇల్యా బ్రిజ్‌గాలోవ్‌ను తెచ్చి, తొమ్మిదేళ్లకు 5 కోట్ల 10 లక్షల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అచ్చం అదే. ఇంట్లో 22 ఏళ్ల గోలీ ఉన్నాడు. అతను ఎక్కడ తడబడుతున్నాడో కూర్చుని చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

రెండో సీజన్ ఎక్కువగా బెంచి మీదే గడిపాడు. 2012 జూన్ 22న మూడు డ్రాఫ్ట్ పిక్‌లకు, అంటే డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లను ఎంచుకునే మూడు వంతులకు, అతన్ని కొలంబస్ క్లబ్‌కు ఇచ్చేశారు. అందులో ఒకటి రెండో రౌండ్ పిక్. దానితో ఫిలడెల్ఫియా ఒక కుర్ర గోలీని తీసుకుంది. ఆ కుర్రాడి పేరు ఆంథొనీ స్టోలార్జ్.

సరిగ్గా ఏడాది తిరిగింది. 2013 జూన్‌లో లీగ్ ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ బొబ్రోవ్‌స్కీకి వచ్చింది. ఆ ట్రోఫీ అందుకున్న మొదటి రష్యన్ అతనే. అదే నెలలో ఫిలడెల్ఫియా బ్రిజ్‌గాలోవ్ కాంట్రాక్టు రద్దు చేసుకుని, 14 ఏళ్ల పాటు 2 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇంట్లో ఉన్నవాణ్ణి పంపేశారు, బయటినుంచి తెచ్చినవాడికి ఆడకుండానే జీతం కడుతున్నారు. ఆధునిక హాకీలో గోలీల మీద ఇంత ఖరీదైన తొందరపాటు నాకైతే ఇంకొకటి గుర్తురావడం లేదు.

గోలీ అంచనా ఇంతగా ఎందుకు తప్పుతుందో తెలియాలంటే ఆ పని ఏమిటో చూడాలి. గోల్ నెట్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల. గట్టిగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటి వస్తుంది. చాలాసార్లు మధ్యలో ఎవరి స్టిక్‌కో కాలికో తగిలి దారి మార్చుకుని మరీ వస్తుంది. లోపలికి పోయిందా, గోలీ వెనకాల ఎర్ర లైటు వెలుగుతుంది, వేల మంది అరుస్తారు. మన క్రికెట్లో వికెట్ కీపర్ వదిలేసిన క్యాచ్ ఎలా గుర్తుండిపోతుందో ఇదీ అంతే. కాకపోతే గోలీకి అది ప్రతి రాత్రీ జరుగుతుంది.

ఇక లెక్క. 2013లో వెజినా వచ్చినప్పుడు అతను ఆపిన షాట్ల శాతం 93.2. ఫ్లోరిడా వెళ్లిన మొదటి ఏడాది, అందరూ తిట్టిన ఏడాది, 90. మధ్యలో తేడా వంద షాట్లకు మూడు పక్‌లు. మ్యాచ్‌కి సుమారు 30 షాట్లు వస్తాయనుకుంటే ఒక్క గోల్ తేడా. ఆ ఒక్క గోల్‌లో ముందున్న డిఫెన్స్ తప్పెంత, పక్ దారి మారిన దురదృష్టమెంత, గోలీ కాలు ఆలస్యంగా కదిలినదెంత? స్కోరుబోర్డు ఇవేవీ విడదీసి చెప్పదు. ఇంత సన్నని గీత మీద ఒకణ్ణి చాంపియన్ అనీ, ఇంకొకణ్ణి పనికిరాడనీ తేల్చేస్తున్నారు. ఒక సీజన్ చూసి తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

కొలంబస్‌లో గోలీ కోచ్ ఇయన్ క్లార్క్ దగ్గర అతని ఆట కుదుటపడింది. 2016-17లో జట్టు వరసగా 16 మ్యాచ్‌లు గెలిచింది. ఆ సీజన్లో 41 విజయాలతో రెండో వెజినా వచ్చింది. కానీ ప్లేఆఫ్స్‌లో పిట్స్‌బర్గ్ చేతిలో ఐదు మ్యాచ్‌లకే ఇంటికి. దాంతో సీజన్లో సింహం, ప్లేఆఫ్స్‌లో పిల్లి అనే ముద్ర పడిపోయింది. 2019 జనవరిలో టాంపాలో మ్యాచ్ మధ్యలో అతన్ని మార్చారు. ఆ రాత్రి అతని ప్రవర్తన నచ్చక క్లబ్ తర్వాతి మ్యాచ్‌కి దూరం పెట్టింది. మూడు నెలలు గడిచాయి. 62 మ్యాచ్‌లు గెలిచి లీగ్ అగ్రస్థానంలో ఉన్న ఆ టాంపానే కొలంబస్ 4-0తో చిత్తు చేసింది. మొదటి మ్యాచ్‌లో 0-3 వెనకబడి, 4-3తో గెలిచారు. కొలంబస్ క్లబ్ చరిత్రలో గెలిచిన మొదటి ప్లేఆఫ్ సిరీస్ అది, ప్రధాన గోలీగా అతనికీ అదే మొదటిది.

2019 జూలై 1న ఫ్లోరిడా అతనికి ఏడేళ్లకు 7 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఏడాదికి కోటి. అప్పట్లో జట్టు మొత్తం జీతాల పరిమితి 8 కోట్ల 15 లక్షలు. అంటే ఎనిమిదో వంతు ఒక్కడికే. దానికి పది రోజుల ముందే అదే క్లబ్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్లో స్పెన్సర్ నైట్ అనే కుర్ర గోలీని ఎంచుకుంది. వారసుణ్ణి ముందే తెచ్చిపెట్టుకుని పెద్దాయనకు సింహాసనం వేశారు.

తర్వాత కోవిడ్ వచ్చింది. ఏటా పెరుగుతుందనుకున్న జీతాల పరిమితి ఆగిపోయింది. పరిమితి పెరిగి ఉంటే ఆ కోటి డాలర్లు మెల్లగా చిన్నవిగా కనిపించేవి. అది జరగలేదు. పైగా అతని ఆట పడిపోయింది. గుదిబండ, లీగ్‌లోకెల్లా చెత్త కాంట్రాక్టు అన్న మాటలు రాసీ రాసీ అరిగిపోయాయి. 2021 ప్లేఆఫ్స్‌లో టాంపాతో సిరీస్‌లో ఫ్లోరిడా ముగ్గురు గోలీలను ఆడించింది. పదేళ్ల కిందట ఫిలడెల్ఫియా చేసిన పనే. చివరి మ్యాచ్‌లకు 20 ఏళ్ల నైట్‌ను దించి, కోటి డాలర్ల మనిషిని పక్కన కూర్చోబెట్టారు.

ఆ వేసవిలో ఎవరైనా తీసుకుంటామంటే ఫ్లోరిడా ఇవ్వకుండా ఉండేదా? నాకు నమ్మకం లేదు. అంత జీతం మోసే క్లబ్ లేదు, ట్రేడ్ చేయాలంటే అతని ఒప్పుకోలు కూడా కావాలి. అందుకే నిలబడిపోయాడు. జనరల్ మేనేజర్ బిల్ జీటో గురించి ఒక మాట ఒప్పుకోవాలి. కొలంబస్‌లో పనిచేసినప్పుడే బొబ్రోవ్‌స్కీ ఏమిటో అతను దగ్గరగా చూశాడు. 2019లో రిటైరైన మహా గోలీ రొబెర్టో లువాంగో చేతిలో గోలీల విభాగం పెట్టారు. దారిలేక ఆగిన మాట నిజమే. కానీ ఆగిన సమయాన్ని వృథా చేయలేదు. ఆ తేడాను కాదనడం అన్యాయం.

2023 వసంతం దగ్గర కాస్త ఆగుదాం. సీజన్ చివర్లో అతనికి ఒంట్లో బాగాలేక రిజర్వు గోలీ అలెక్స్ లయన్ ఆడాడు, బాగా ఆడి జట్టును ప్లేఆఫ్స్‌కి చేర్చాడు. బోస్టన్‌తో సిరీస్ కూడా లయన్‌తోనే మొదలైంది. ఆ ఏడాది బోస్టన్ 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ రికార్డు కొట్టిన జట్టు. మూడో మ్యాచ్ మధ్యలో బొబ్రోవ్‌స్కీ దిగాడు. నాలుగోది ఓడిపోయాడు. సిరీస్‌లో బోస్టన్‌ది 3-1 ఆధిక్యం.

ఐదో మ్యాచ్ బోస్టన్‌లో, 3-3. ఇంకా కొన్ని సెకన్లే ఉన్నాయి. బ్రాడ్ మార్షాండ్ పక్ తీసుకుని ఒంటరిగా దూసుకొచ్చాడు. ముందు గోలీ తప్ప ఎవరూ లేరు. పడితే ఫ్లోరిడా సీజన్ అక్కడితో అయిపోయినట్టే, ఆ కాంట్రాక్టు మీద చివరి తీర్పు కూడా అప్పుడే రాసేసేవాళ్లు. బొబ్రోవ్‌స్కీ ఆపేశాడు. ఓవర్‌టైమ్‌లో మాథ్యూ కచక్ గోల్ కొట్టాడు. ఆరు, ఏడు మ్యాచ్‌లు కూడా ఫ్లోరిడా గెలిచింది. కరోలినాతో సెమీస్ మొదటి మ్యాచ్ నాలుగో ఓవర్‌టైమ్ దాకా సాగింది, ఆ ఒక్క రాత్రే 63 షాట్లు ఆపాడు. ఫైనల్లో వేగాస్ చేతిలో ఓడినా, ఆ తర్వాత గుదిబండ అన్నవాళ్ల గొంతు వినిపించలేదు.

ఆ మార్షాండ్ 2025 మార్చిలో ఫ్లోరిడాకే వచ్చి, ఆ ఏడాదే అతనితో కలిసి కప్పు గెలిచాడు. ఆ మార్చిలోనే, వారసుడనుకున్న స్పెన్సర్ నైట్‌ను షికాగోకు ఇచ్చి సెత్ జోన్స్‌ను తెచ్చుకున్నారు. బొబ్రోవ్‌స్కీకి కొలంబస్‌లో పాత సహచరుడే జోన్స్.

దేశం తరఫున అతని లెక్క వేరు. 2014లో మిన్స్క్‌లో రష్యా ప్రపంచ చాంపియన్ అయినప్పుడు గోలీ అతనే. దానికి మూడు నెలల ముందు సొంతగడ్డ సోచి ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ చేతిలో క్వార్టర్ ఫైనల్లో ఓడిన బాధ కూడా అతనికి తెలుసు. 2022లో ఉక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యా జట్టును అంతర్జాతీయ పోటీల నుంచి నిషేధించారు. పోయిన ప్రాణాల ముందు ఒక ఆటగాడి టోర్నీలు చిన్నవే, నిషేధం సరైనదేనని నా అభిప్రాయం. అతని అత్యుత్తమ ఆట సరిగ్గా ఆ ఏళ్లలోనే వచ్చిందన్నదీ నిజం. త్రెత్యాక్ కాలంలో అది తలకిందులు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఆ సోవియట్ గోలీని 1983లో మాంట్రియల్ డ్రాఫ్ట్ చేసినా ప్రభుత్వం వెళ్లనివ్వలేదు. ఆయనకు దేశం జెర్సీ ఉంది, స్టాన్లీ కప్ లేదు. బొబ్రోవ్‌స్కీ తర్వాత వెజినా మరో ఇద్దరు రష్యన్లకు, వాసిలెవ్‌స్కీకి 2019లో, షెస్టెర్కిన్‌కు 2022లో వచ్చింది. డ్రాఫ్ట్‌లో పేరే పిలవని సైబీరియా కుర్రాడు తెరిచిన తలుపు అది.

మళ్లీ 2024 జూన్‌కి. 24వ తేదీ, ఫ్లోరిడాలోని సన్‌రైజ్, ఏడో మ్యాచ్. తాడో పేడో. గత మూడు మ్యాచ్‌ల్లో ఎడ్మంటన్ 18 గోల్స్ కొట్టింది. అయినా కోచ్ అతన్నే దించాడు. అదే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో, వీపు షూటర్ వైపు ఉండగానే చెయ్యి వెనక్కి విసిరి టాంపా ఆటగాడు మాట్ డంబా షాట్ ఆపినప్పుడు ఆ స్టేడియం పిచ్చెత్తిపోయింది. ఏడో మ్యాచ్‌లో అలాంటి విన్యాసాలు పెద్దగా లేవు. ఎదురుగా నిలబడటం, కోణం మూసేయడం, పక్‌ను ఛాతీకి అదుముకుని ఆట ఆపించడం. ఒక్కటే పోయింది. 23 ఆపాడు. 2-1.

కప్పు మొదట కెప్టెన్ అలెక్సాండర్ బార్కోవ్‌కు ఇచ్చారు. అతను దాన్ని ఎత్తి, తిరిగి, నేరుగా తీసుకెళ్లి బొబ్రోవ్‌స్కీ చేతుల్లో పెట్టాడు. ఆ రాత్రి మంచు మీద చేతులు మారుతూ వెళ్లిన ఆ కప్పు, 2012లో అతన్ని వదులుకుని ఫిలడెల్ఫియా తెచ్చుకున్న ఆంథొనీ స్టోలార్జ్ దగ్గరికీ చేరింది.