అరవై ఎం.ఎల్. లెక్క

ఒక కిడ్నీ తీసేస్తే యూరిన్ సగానికి తగ్గుతుందనుకున్నాను. రెండు మోటార్లలో ఒకటి పీకేస్తే ట్యాంకు సగమే నిండాలి కదా మరి! ఇదే లెక్క డాక్టరుకి చెబితే ఆయన నవ్వి, "మీ ఎడమది రాళ్లు అడ్డుపడి ఎప్పుడో పని మానేసింది, ఇన్నాళ్లూ దాని డ్యూటీ కూడా కుడిదే చేస్తోంది, పాపం పని ఎక్కువై కాస్త లావెక్కింది కూడా" అన్నారు. పని ఎక్కువైతే లావెక్కడం కిడ్నీకే చెల్లింది.

ఆపరేషన్ సంగతి నాకు తెలియదు, నిద్రపోయాను. యూరిన్ పైపు తీసిన రోజు మాత్రం మర్చిపోలేను. అది జారిపోకుండా లోపల చివర చిన్న బెలూను, అందులో ఓ 10 ఎం.ఎల్. నీళ్లు ఉంటాయట. సిస్టరు సిరంజితో ఆ నీళ్లు లాగేసి "గట్టిగా ఊపిరి పీల్చండి" అంది, నేను పీల్చేలోపే పైపు ఆవిడ చేతిలో ఉంది. ఆ తర్వాత అసలు పరీక్ష. సొంతంగా వెళ్తేనే ఇంటికి పంపుతారట. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడుకి వస్తుందని చెప్పి వెళ్లింది. కుళాయికి వచ్చింది, నాకు రాలేదు. రెండు గంటల తర్వాత వచ్చింది గానీ, మిరపకాయలు కోసిన చేత్తో కళ్లు నలుపుకుంటే ఎలా ఉంటుందో అలా వచ్చింది, కాకపోతే కళ్లలో కాదు.

పైపు రాపిడికి లోపల కందిపోయి ఉంటుంది, నీళ్లు తాగుతుంటే ఒకటి రెండు రోజుల్లో మంట తగ్గుతుందన్నారు. జ్వరం, చలి వచ్చినా, రక్తం గడ్డలు పడినా, పొట్ట ఉబ్బి అసలు రాకపోయినా మాత్రం ఆలోచించకుండా వచ్చేయమన్నారు. మంట తగ్గింది. కంగారు తగ్గలేదు. పది నిమిషాలకోసారి పిలుపు, పరుగెత్తితే నాలుగు చుక్కలు. సగం కూడా నిండకుండానే నిండిపోయానని గోల చేసే బ్లాడర్‌ని ఏం చేస్తాం? అందుకే ఒక కొలత జగ్గు కొని, ఏ టైముకి ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాయమన్నారు.

ఐదోరోజు మా బావమరిది చూడ్డానికొచ్చాడు. నేను మంచం మీద, నోటుబుక్కు బల్ల మీద. వాడు ఊరికే తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, మొహం మాడ్చుకుని వాళ్లక్కని పిలిచాడు.

"అక్కా, ఇదేంటే? ఉదయం ఆరింటికి 90, ఆరున్నరకి 60, ఏడింటికి మళ్లీ 60... రాత్రి రెండింటికి కూడా 30! బావా, ఉన్నది ఒక్క కిడ్నీ, మీరు పెగ్గుల లెక్క రాసుకుంటున్నారా?"

మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. నాకు నవ్వు ఆగలేదు. పొట్ట మీద నాలుగు చిల్లులున్నాయి, కిడ్నీ బయటికొచ్చిన దారి వాటిలో పెద్దది. నవ్వినా దగ్గినా దిండు అదుముకోవాలి. దిండు అదుముకున్నాను. దిండు కింద బ్లాడర్ ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

లేచాను. కుట్లు లాగుతుంటే వంగుకుంటూ, ఒక చేత్తో దిండు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని బాత్రూం దాకా బాగానే చేరాను. ఇక పైజామా నాడా. పొద్దున మా ఆవిడ జారకుండా గట్టిగా కట్టింది. లాగాల్సిన కొస కాకుండా రెండోది లాగాను, ముడి బిగిసింది. గోటితో గీకాను, ఇంకా బిగిసింది. జగ్గు ఎదురుగా, ఖాళీగా, చేతికందే దూరంలోనే ఉంది.

"బావా, ఏమైనా సాయం కావాలా?" అని బయటినుంచి వాడు.

"ఇంకో పైజామా" అన్నాను. "నాడాది వద్దు, ఎలాస్టిక్‌ది."

సాయంత్రం లెక్క రాద్దామని పుస్తకం తీస్తే, బావమరిది దస్తూరీలో అప్పటికే ఒక వరుస ఉంది: "11.40. జగ్గుకి అందలేదు. ఫుల్లు బాటిలే అనుకోవచ్చు."