ఆపితే ఆపండి, ఎందుకో చెప్పండి

ఇంటి వైఫైలో కొన్ని సైట్లు తెరుచుకోకుండా ఆపే డీఎన్ఎస్ ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాట లిస్టుల మీదికే పోతుంది. నా బ్లాక్‌లిస్టులో, అంటే ఆపాల్సినవాటి జాబితాలో, రెండు లక్షల డొమైన్లు (సైట్ల పేర్లు) ఉన్నాయని ఒకరంటే, నాది ఇరవై లక్షలని ఇంకొకరంటారు. అంకె ఎంత పెద్దదైతే ఇల్లు అంత భద్రమని అందరి నమ్మకం. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లూ అదే నమ్మకంతో లిస్టులు పెంచుతూ పోతున్నారు. ఈ పరుగు దారి తప్పిందని నా అభిప్రాయం. ఇప్పుడు కావలసింది ఇంకో పది లక్షల పేర్లు కాదు. సైటు తెరుచుకోక ఆగిపోయిన మనిషికి ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో, పొరపాటైతే ఎవరిని అడగాలో చెప్పే ఏర్పాటు కావాలి. ఆ ఒక్కటీ లేకపోవడం వల్లే చాలా ఇళ్లలో ఫిల్టర్లు నాలుగు రోజుల ముచ్చటగా ముగిసిపోతున్నాయి.

ఇవి ఎలా పనిచేస్తాయంటే, ఫోనైనా టీవీ అయినా ఏ సైటుకు వెళ్లాలన్నా ముందు పేరు చెప్పి అంకెల చిరునామా అడగాలి. 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన నాటి నుంచీ డీఎన్ఎస్ చేసే పని అదే. పై-హోల్, యాడ్‌గార్డ్ హోమ్ లాంటి ఇంటి ఫిల్టర్ సాఫ్ట్‌వేర్లు ఆ దారిలో కూర్చుని, లిస్టులో ఉన్న పేరు వస్తే అసలు చిరునామాకు బదులు ఎక్కడికీ చేర్చని 0.0.0.0 ఇచ్చి పంపేస్తాయి. సొంతంగా నడుపుకునే ఓపిక లేనివాళ్లకు హానికరమైన సైట్లను ఆపే క్వాడ్9, వాటితో పాటు పెద్దల సైట్లనూ ఆపే క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3 లాంటి బయటి డీఎన్ఎస్ సేవలు ఉన్నాయి.

ఇక ఆగిపోయినవాళ్ల వైపు నుంచి చూడండి. రాత్రి తొమ్మిదింటికి ఒక పిల్లాడు స్కూల్ ప్రాజెక్టు కోసం లింకు నొక్కాడు. ‘ఈ సైట్‌ను చేరుకోలేకపోతున్నాం’ అని వచ్చింది. మళ్లీ నొక్కాడు. వైఫై ఆపి ఆన్ చేశాడు. వాళ్లమ్మ వచ్చి రౌటర్ స్విచ్ ఆపి వేసింది. రెండు నిమిషాలు లైట్లు మిణుకుమన్నాయి, మళ్లీ అదే మెసేజ్. చివరికి ఫోన్‌ను మొబైల్ డేటాకు మార్చగానే సైటు టక్కున తెరుచుకుంది. ఆ ఇంట్లో అందరికీ అర్థమైంది ఒక్కటే: మన వైఫై బాగోదు, పని ఉంటే డేటా వాడుకోవాలి. ఫిల్టర్‌ను ఎవరూ తీసేయలేదు. ఎవరికీ అక్కర్లేకుండా పోయింది, అంతే. దాన్ని పెట్టిన నాన్నకు ఆ సంగతి నెల తర్వాత కూడా తెలియకపోవచ్చు.

‘దీన్ని ఆపేశాం’ అని ఒక పేజీ చూపిస్తే పోలేదా? ఒకప్పుడు పోయేది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ మధ్యలో ఎవరూ చూడకుండా, మార్చకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తోంది. నువ్వు నిజంగా ఆ సైటువే అని రుజువు చేసే సర్టిఫికెట్ చూపించమని బ్రౌజర్ అడుగుతుంది, మన ఇంట్లో ఫిల్టర్ నడిచే పెట్టెకు అది ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి మనం చూపించాలనుకున్న పేజీకి బదులు కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక వస్తుంది. కొన్ని సైట్లకైతే దాన్ని దాటి వెళ్లే బటన్ కూడా ఉండదు. ఉన్నచోట ‘పర్లేదు, నొక్కేయ్’ అని ఇంట్లోవాళ్లకు చెప్పామా, భద్రత కోసం పెట్టిన సాఫ్ట్‌వేర్‌తో మనమే వాళ్లకు అభద్రత నేర్పినట్టు.

దీనికి సరైన దారి ఎప్పుడో దొరికింది, పూర్తిగా వాడుకునేవాళ్లే తక్కువ. 2020 అక్టోబర్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8914 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం డీఎన్ఎస్ జవాబుతో పాటు కారణాన్ని కూడా ఒక అంకెగా పంపవచ్చు. అందులో మూడు కోడ్‌లు నాకు చాలా ఇష్టం. సర్వర్ నడిపేవాళ్లు తమ సొంత భద్రతా విధానం ప్రకారం ఆపితే 15. బయటివాళ్ల ఒత్తిడి వల్లో ఆదేశం వల్లో ఆపితే 16. వాడుకునేవాళ్లే కోరి పెట్టించుకున్న వడపోత అయితే 17. పక్కనే చిన్న వివరణ రాసే చోటు కూడా ఉంది. మాల్వేర్ అని మా సర్వర్ ఆపింది, ప్రభుత్వం ఆపమంది, మీ ఇంట్లో మీరే ఆపమన్నారు: ఈ మూడూ పూర్తిగా వేర్వేరు సంగతులు. మూడింటికీ ఒకే ఖాళీ తెర చూపించడం అన్యాయమని ఆ పత్రం రాసినవాళ్లు గుర్తించారు. చిక్కేమిటంటే ఆ అంకె మనిషి దాకా రాదు. ప్రోగ్రాములు చిరునామా అడగడానికి దశాబ్దాలుగా వాడుతున్న గెట్‌యాడర్‌ఇన్ఫో అనే పిలుపులో ‘దొరకలేదు’, ‘తర్వాత ప్రయత్నించు’ లాంటి నాలుగు ముక్కలకే చోటుంది. ఎందుకు దొరకలేదో చెప్పే చోటు లేదు. రెజాల్వర్, అంటే పేరుకు చిరునామా వెతికి ఇచ్చే సర్వర్, చెప్పిన కారణాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ దారిలోనే మింగేస్తుంది.

చేయాలనుకుంటే చేయగలరనడానికి రుజువు ఆపిలే. మనం ఏ సైట్లు చూస్తున్నామో నెట్‌వర్క్‌కు తెలియకుండా దాచే ఆపిల్ సౌకర్యం ఐక్లౌడ్ ప్రైవేట్ రిలేను ఒక నెట్‌వర్క్ అనుమతించకూడదనుకుంటే మాస్క్ డాట్ ఐక్లౌడ్ డాట్ కామ్ అనే పేరుకు లేదని జవాబివ్వాలి. అప్పుడు ఐఫోన్ ఊరుకోదు. ఈ నెట్‌వర్క్‌లో ఆ సౌకర్యం పనిచేయదు, దాన్ని ఆపేస్తారా, వేరే నెట్‌వర్క్‌కు వెళ్తారా అని వాడుతున్న మనిషినే అడుగుతుంది. ఒక పేరు విషయంలో చూపించిన ఈ మర్యాద మిగతా పేర్ల విషయంలో ఎందుకు చూపించరు?

బ్రౌజర్లు మారేదాకా ఇంటి ఫిల్టర్లు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఏ పరికరం ఏ పేరు అడిగి ఆగిపోయిందో పై-హోల్‌కూ యాడ్‌గార్డ్ హోమ్‌కూ తెలుసు. ఇప్పుడది అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్న ఒక్కరికే కనిపిస్తోంది. దాన్ని తిరగేయాలి. ఇంట్లో అందరికీ గుర్తుండే చిన్న లోకల్ చిరునామా ఒకటి ఉండాలి. ఎవరు ఏ ఫోన్‌లో దాన్ని తెరిస్తే ఆ ఫోన్ గత ఐదు నిమిషాల్లో అడిగి ఆగిపోయిన పేర్లు మాత్రమే కనబడాలి. ప్రతి పేరు పక్కన అది ఏ లిస్టులో ఉంది, ఏ వర్గం కింద ఉంది, ఆ లిస్టును ఇంట్లో ఎవరు పెట్టారు అనేవి ఉండాలి. కింద ‘తెరవమని అడుగు’ అనే బటన్ ఉండాలి. అది నొక్కితే పెద్దవాళ్ల ఫోన్‌కు కబురు వెళ్లాలి. వాళ్లు గంటసేపు తెరవొచ్చు, ఎప్పటికీ తెరవొచ్చు, వద్దనొచ్చు. వద్దంటే ఒక ముక్క కారణం రాయాలి. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, ఉన్న సమాచారాన్ని అసలు అవసరమైనవాళ్లకు చూపించడమే.

లిస్టులు తప్పు చేయవా? 2020 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ కుటుంబాల కోసం 1.1.1.3ను మొదలుపెట్టింది. అశ్లీల సైట్లతో పాటు ఎల్‌జీబీటీక్యూ వాళ్లకు సమాచారం, సాయం అందించే సైట్లు కూడా ఆగిపోయాయి. ఎక్కడి నుంచో తెచ్చుకున్న లిస్టులో ఎంచుకున్న వర్గం తప్పు. జనం గోల చేశాక వెంటనే సరిదిద్దారు, తప్పయిందని ఒప్పుకున్నారు. అంత పెద్ద కంపెనీ కాబట్టి గోల వినబడింది. మీ ఇంట్లో పెట్టెలో అదే తప్పు జరిగితే గోల చేయడానికి మీ అమ్మాయికి అసలు ఏం జరిగిందో తెలియాలి కదా. ఇంకో సంగతి. 2017 మే నెలలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు అది ముందుగా అర్థంపర్థం లేని ఒక పొడవాటి డొమైన్‌ను పలకరించేది. జవాబు వస్తే పని మానుకునేది, రాకపోతే ఫైళ్లకు తాళం వేసేది. అది మాల్వేర్ వాడే పేరు కదా అని బ్లాక్ చేసిన నెట్‌వర్కులు తమ కంప్యూటర్లను తామే ప్రమాదంలోకి నెట్టుకున్నాయి. ఆ పేరును బ్లాక్ చేయొద్దని బ్రిటన్ సైబర్ భద్రతా సంస్థ ఎన్‌సీఎస్‌సీ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఆపడం ఎప్పుడూ క్షేమమే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సాంకేతిక కంతల గురించి ఎక్కువ చెప్పను, పెట్టుకున్నవాళ్లకు అవి రోజూ ఎదురయ్యేవే. రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వాళ్ల 8.8.8.8 పెడితే పరికరాలు తమకు నచ్చినప్పుడు అటు పోతాయి. రౌటర్ ఐపీవీ6 (కొత్త తరహా చిరునామాల పద్ధతి) మీద ఇంటర్నెట్ సర్వీసు కంపెనీ డీఎన్ఎస్‌ను ప్రకటిస్తూ ఉంటే ఫిల్టర్ పక్క నుంచి సగం ట్రాఫిక్ జారిపోతుంది. ఫోన్లు తమను నెట్‌వర్క్‌లో గుర్తుపట్టించే మ్యాక్ అడ్రస్ మారుస్తాయి కాబట్టి పిల్లల ఫోన్‌కు పెట్టిన నియమం ఒకరోజు ఎవరికీ వర్తించకుండా పోతుంది. డీఎన్ఎస్ ప్రశ్నను ఎన్‌క్రిప్ట్ చేసి ఫిల్టర్‌ను దాటించగల డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ఉండనే ఉంది. దాన్ని వెంటాడి మూసే ఆట కంటే, ఇంటి రెజాల్వరే ఎన్‌క్రిప్షన్ ఇస్తుందని పరికరాలకు చెప్పే 2023 నాటి ఆర్ఎఫ్‌సీ 9462, 9463లను రౌటర్లు అమలు చేయడం మేలు.

లాగ్, అంటే ఏ పరికరం ఎప్పుడు ఏ పేరు అడిగిందో రాసి ఉంచే చిట్టా, దాని సంగతి మాత్రం అలా దాటేయలేను. ఇంటి ఫిల్టర్ అడ్మిన్ పేజీ తెరిస్తే వరసగా కనిపిస్తాయి: టైమ్, పరికరం పేరు, అడిగిన డొమైన్. టీవీ తయారీదారు సర్వర్‌ను టీవీ అదేపనిగా అడుగుతూనే ఉంటుంది, అది తెలిస్తే మంచిదే. దాని కిందే అర్ధరాత్రి దాటాక పన్నెండూ నలభైకి పెద్దమ్మాయి ఫోన్ అడిగిన పేరు ఉంటుంది. అది డిప్రెషన్‌కు సాయం చేసే సంస్థ సైటు కావొచ్చు. ఇంకో ఇంట్లో అది గృహహింస బాధితుల హెల్ప్‌లైన్ కావొచ్చు, ఆ లాగ్ చూసేది కొట్టే మనిషే కావొచ్చు. పేజీలో ఏం చదివారో డీఎన్ఎస్‌కు తెలియదు, నిజమే. కొన్ని పేర్లకు లోపలి పేజీ తెలియక్కర్లేదు, పేరే అంతా చెప్పేస్తుంది. పై-హోల్‌లో ప్రైవసీ స్థాయిలు 0 నుంచి 3 దాకా ఉన్నాయి. మామూలుగా ఉండేది 0, అంటే అన్నీ కనిపిస్తాయి. ఈ డిఫాల్ట్ మారాలి. మొదటి రోజు నుంచే మనుషుల వారీ చరిత్ర దాచకూడదు. ఎవరికైనా సమస్య వెతకడానికి పూర్తి లాగ్ కావాలంటే ఒక గంటసేపు ఆన్ చేసుకోవాలి, ఆన్ అయిన సంగతి ఇంట్లో ప్రతి పరికరానికీ తెలియాలి. లాగ్ చదివే అలవాటు పడిన తల్లిదండ్రులు పిల్లల్ని అడగడం మానేస్తారు. అది గ్రహించిన పిల్లలు చెప్పడం మానేస్తారు.

దీనికి ఎదురువాదం తెలుసు. కారణం చెబితే పిల్లలు తప్పించుకునే దారి వెతుక్కుంటారని, లాగ్ లేకపోతే ఆన్‌లైన్‌లో పిల్లల్ని వేటాడేవాళ్ల జాడ తెలియదని అంటారు. తప్పించుకోవాలనుకునేవాళ్లకు మొబైల్ డేటా, వీపీఎన్, ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగ్ ఇప్పటికే తెలుసు. నిశ్శబ్దంగా ఆపడం వల్ల ఇరుక్కునేది ఏ దురుద్దేశమూ లేనివాళ్లే. వేటగాళ్లు వచ్చేది అందరూ వాడే చాట్ యాప్‌లోకి, గేమ్‌లోకి. డొమైన్ల లాగ్‌లో ఆ యాప్ పేరు కనబడుతుందే తప్ప అవతల మాట్లాడుతున్నదెవరో కనబడదు.

నాకు దీని మీద ఇంత పట్టింపు ఎందుకంటే, కారణం చెప్పకుండా కాదనే యంత్రాలు మన చుట్టూ పెరిగిపోతున్నాయి. అకౌంట్ లాక్ అవుతుంది, నియమాలు ఉల్లంఘించారంటారు, ఏ నియమమో చెప్పరు. దరఖాస్తు తిరస్కరిస్తారు, సిస్టమ్ తీసుకోవడం లేదంటారు. పోస్టు మాయమవుతుంది, అడగడానికి మనిషి దొరకడు. పెద్దవాళ్లం దీనికి అలవాటుపడిపోయి తల వంచుకుని ఇంకో కౌంటర్‌కు పోతున్నాం. పిల్లలకు ఇలాంటి తిరస్కారం మొదటిసారి ఎదురయ్యేది ఇంటి వైఫైలోనే. ఆపినవాళ్లను ఎందుకని అడగొచ్చని, అడిగితే జవాబు వస్తుందని వాళ్లకు అక్కడే తెలియాలి. అలా పెరిగినవాళ్లు రేపు బ్యాంకునూ, ఆఫీసునూ, ప్రభుత్వాన్నీ కూడా అదే ధీమాతో అడుగుతారు.

కాబట్టి పై-హోల్, యాడ్‌గార్డ్ హోమ్ లాంటివి తయారుచేసేవాళ్లకు నా విన్నపం. తర్వాతి వెర్షన్ ప్రకటనలో ఎన్ని డొమైన్లు ఆపగలరో రాయకండి. ఆగిపోయిన మనిషి తన ఫోన్‌లో తనంతట తాను కారణం చూసుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రాయండి. బ్రౌజర్లు చేసేవాళ్లను అడిగేది ఇంకా చిన్నది: కోడ్ 17 వచ్చినప్పుడు ఆ ఖాళీ తెర మీద ‘ఇది మీ నెట్‌వర్క్ వడపోత ఆపింది, ఇంటర్నెట్ పనిచేస్తోంది’ అని ఒక్క లైను చూపించండి.